అల్లుడి చేతికి అరవై శాతం స్విట్జర్లాండ్

గోదావరి జిల్లాల్లో పెళ్ళికొడుక్కి వాచీ పెట్టేది టైము చూసుకోవడానికి కాదు. పీటల మీద కూర్చున్నాక టైము పంతులుగారి అధీనంలో ఉంటుంది, తాళి కట్టాక ఫొటోగ్రాఫరు అధీనంలోకి పోతుంది. పెళ్ళికొడుకు చేతి గడియారాన్ని సంప్రదించేవాడే ఉండడు. అది చుట్టాలు చూడ్డానికి. వాళ్ళు చూస్తారు కూడానూ. పలకరింపు నెపంతో మణికట్టు అందుకుని, కాస్త వెలుతురు వైపు తిప్పి, "ఏ కంపెనీ అండీ?" అంటారు. ఒకప్పుడు ఈ ప్రశ్నకి జవాబు సులువు. ఫేవర్ లూబా అన్నా వెస్టెండ్ అన్నా పక్కూరి వాళ్ళక్కూడా తెలుసు. ఫేవర్ లూబా వాళ్ళు 1865లోనే వ్యాపారానికి మన దేశం వచ్చారు. 1886 నాటి వెస్టెండ్ అయితే స్విట్జర్లాండులో చేయించి ఎక్కువగా మన వైపే అమ్మింది. తర్వాత సిటిజెన్ సాయంతో 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీలు మొదలయ్యాయి, సీకో సాయంతో హైదరాబాదులో ఆల్విన్ వచ్చింది, ఆ వెనక టైటాన్ దిగి అందర్నీ సర్దేసింది. ఇప్పుడు జవాబు కష్టమైంది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కలిసి పెట్టిన చిన్న బ్రాండు, ఇంటర్నెట్టులో తప్ప కొట్టులో దొరకని వాచీ, యాభై అరవై వేల ధర. పేరు చెబితే చుట్టం మొహంలో మార్పేమీ కనిపించదు. అప్పుడు మామగారు బ్రహ్మాస్త్రం తీస్తారు: "లోపల స్విస్ మిషనండీ, ఆయ్."

ఆ అస్త్రానికి అంత బలం లేదని నా వాదన. స్విస్ మిషను అనేది వాచీ గొప్పదనడానికి సాక్ష్యం కాదు, ఆ వాచీ పాడైతే రాజమండ్రిలో బాగు చేయించుకోవచ్చనడానికి సాక్ష్యం. రెండోది చిన్న విషయమేమీ కాదు. కాని దేనికి డబ్బిస్తున్నామో తెలిసి ఇవ్వాలి కదా. ముందు ఆ మాటల సంగతే చూద్దాం. డయలు మీద ఆరు అంకె కింద, చత్వారం ఉన్నవాళ్ళకి కనిపించనంత సన్నటి అక్షరాల్లో, "స్విస్ మేడ్" అనో "స్విస్ మూవ్‌మెంట్" అనో ఉంటుంది. రెండూ ఒకటి కావు. స్విస్ మేడ్ అనాలంటే మిషను స్విస్‌ది కావాలి, దాన్ని కేసులో బిగించడం, ఆఖరి తనిఖీ స్విట్జర్లాండులోనే జరగాలి, మొత్తం తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడే పెట్టాలి. 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. అరవై శాతానికి ఫస్టు క్లాసు ఇచ్చే పద్ధతి మన యూనివర్సిటీల సొత్తనుకుంటాం గాని, స్విస్ ప్రభుత్వం కూడా ఆ బాపతే. ఇక ఉత్త స్విస్ మూవ్‌మెంట్ అంటే మిషను మాత్రమే అక్కడిది. ఆ మిషనులోనూ భాగాల విలువలో సగం స్విట్జర్లాండుదైతే చాలు. మిగతా వాచీ, అంటే కేసు, డయలు, ముళ్ళు, చైను ఎక్కడివైనా కావచ్చు. చాలా చిన్న బ్రాండ్లకి అవి చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీల నుంచి వస్తాయి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అక్కడ మంచి పనీ జరుగుతుంది, చెత్త పనీ జరుగుతుంది. దాచిపెడితేనే సిగ్గు.

అసలు ఆ మిషను ఎవరిది? చిన్న బ్రాండు వాడు సొంతంగా చేసింది కాదు. స్విట్జర్లాండులోని గ్రెన్షెన్‌లో ఈటీఏ అని స్వాచ్ గ్రూపు కంపెనీ ఒకటుంది. దాని 2824-2 అనే ఆటోమేటిక్ మిషను లెక్కలేనన్ని బ్రాండ్ల కడుపులో కొట్టుకుంది. తమ మిషన్లు బయటివాళ్ళకి ఇవ్వడం తగ్గించేస్తామని 2002లో స్వాచ్ గ్రూపు చెప్పేసరికి మిగతావాళ్ళకి గుండెలు జారాయి. అప్పటిదాకా ఈటీఏ మిషన్లనే కూర్చి ఇస్తున్న సెల్లిటా, పేటెంటు గడువు ముగిసిన ఆ డిజైనుతోనే ఎస్‌డబ్ల్యూ200 చేసి అందుకుంది. గంటకి 28,800 కొట్టుళ్ళు, 26 రాళ్ళు. రాళ్ళంటే మామగారు ఉంగరంలోవి అనుకోకూడదు, ఇరుసులు అరక్కుండా పెట్టే కృత్రిమ కెంపులవి, తాకట్టుకి పనికిరావు. ఈ ఎస్‌డబ్ల్యూ200 ఇవాళ ఎవరు డబ్బిస్తే వాళ్ళ వాచీలోకి వెళుతుంది. బెంగళూరు వాచ్ కంపెనీ వాచీల్లోనూ ఉంది, యూరప్‌లో, సింగపూర్‌లో పుట్టిన చిన్న బ్రాండ్లలోనూ ఉంది. పెళ్ళి సంబంధాల్లో అబ్బాయి ఫలానా కంపెనీ అంటే అందరూ తలూపుతారు, ఆ కంపెనీలో ఏం పని చేస్తాడో అడిగినవాడు మాత్రం దుర్మార్గుడవుతాడు. వాచీ దగ్గర ఆ దుర్మార్గం మనం చెయ్యాలి. ఒకే మిషనుకి తరగతులున్నాయి. 2824కి ఈటీఏ చెప్పే లెక్కలో మామూలు తరగతిది రోజుకి సగటున 12 సెకన్లు అటో ఇటో పోతుంది, ఆ పైది 7 సెకన్లు, టాప్ అనేది 4 సెకన్లు. ప్రకటనలో స్విస్ అని తాటికాయంత అక్షరాలుంటాయి, తరగతి పేరు ఉండదు. లేకపోతే అది మామూలుదేనని లెక్కేసుకోవడం క్షేమం.

"ఎంతైనా స్విస్ స్విస్సే, టైము ఖచ్చితంగా ఉంటుంది" అంటారు. రోజుకి 12 సెకన్లంటే నెలకి ఆరు నిమిషాలు. బజార్లో వెయ్యి రూపాయల సెల్లు వాచీ నెలంతటికీ కలిపి ఇరవై సెకన్లు తేడా చూపిస్తుంది. టైమే కావాలంటే యుద్ధం అక్కడే అయిపోయింది, స్విట్జర్లాండు ఓడిపోయింది. అదీ కాదు, మరమిషన్లలో పోలుస్తున్నాం అంటే, సీకో ఎన్‌హెచ్35 వైపు చూడండి. కంపెనీ ఇచ్చే హామీ రోజుకి 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు దాకా. చదివితే భయమేస్తుంది, కాని అది కంపెనీ జాగ్రత్త కోసం రాసుకున్న మాట. బాగా సరిచేసిన ఎన్‌హెచ్35 చాలాసార్లు ఆ హద్దుల్లో ఎక్కడో మధ్యన బుద్ధిగా నడుస్తుంది. సరిచెయ్యకుండా పెట్టె నుంచి తీసి బిగించేసిన స్విస్ మిషను దాని కన్నా అధ్వానంగా పరిగెత్తొచ్చు. ఫలానా వాచీ టైము ఎలా పట్టుకుంటుందన్నది మిషను పుట్టిన ఊరి కన్నా, కేసులో బిగించే ముందు దాన్ని ఎవరైనా కూర్చుని సరిచేశారా లేదా అన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. వాచీని ఎన్ని భంగిమల్లో పెట్టి చూసి సరిచేశారని చిన్న బ్రాండు వాణ్ణి అడగండి. తెలిసినవాడు అంకెలు చెబుతాడు, తెలియనివాడు ఆల్ప్స్ పర్వతాల గురించి చెబుతాడు.

చేసినవాడి పనిని లెక్కగట్టడం మన రాజమండ్రికి కొత్త కాదు. కోసూరి వెంకటరత్నం గారు 1932 నుంచి ఇక్కడ లేతు మీద ఎబొనైటు కడ్డీలు తిప్పి పెన్నులు చేశారు. బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులు వాడుకోదగ్గదని 1935లో గాంధీ ఉత్తరం రాశారు. విలువ ఆ బ్యారెల్ తిప్పిన చేతిలోనూ, మరలు బిగుతుగా కూర్చోవడంలోనూ ఉందని ఊరికి తెలుసు. ఇవాళ దేశంలో చేత్తో పెన్నులు చేసేవాళ్ళు చాలామంది జర్మనీ నిబ్బు యూనిట్లు తెప్పించి బిగిస్తున్నారు. నిబ్బు జర్మనీదైతే పెన్ను జర్మనీది అయిపోదు, చెడ్డదీ అయిపోదు. కొనేవాడు బ్యారెల్‌నీ క్లిప్పునీ మూతనీ తిప్పి తిప్పి చూస్తాడు. పెన్ను దగ్గర ఇంత తెలివి ఉన్నవాళ్ళం వాచీ దగ్గరికొచ్చేసరికి నిబ్బు ఒక్కటే చూసి డబ్బులు లెక్కపెడుతున్నాం.

కాబట్టి మిషను పక్కన పెట్టి, తక్కినది చూడాలి. భూతద్దం ఒకటి చాలు, లేకపోతే ఫోను కెమెరాని దగ్గరగా పెట్టండి. ముళ్ళ అంచులు కత్తిలా తెగి ఉన్నాయా, రంగు చిట్లి రోమాల్లా లేచి ఉన్నాయా? డయలు మీద అక్షరాలు గట్టుకట్టినట్టు నిండుగా ఉన్నాయా, మధ్యలో బోలుగా ఉన్నాయా? కేసులో మెరిసే భాగం, గీతలు పెట్టిన భాగం కలిసే చోట అంచు పదునుగా ఉందా, సబ్బుబిళ్ళలా అరిగి గుండ్రంగా పోయిందా? కీ లాగితే ఒక్కో మెట్టూ తెలుస్తోందా, మరతో బిగించే కీ అయితే మొదటి చుట్టులోనే మర పట్టుకుంటోందా? చీకట్లో వెలిగే రంగు అంకెలన్నిటి మీదా ఒకే మందంలో ఉందా? ఇక్కడ దొరికిపోతారు. మిషను కొనడానికి డబ్బులుంటే సరిపోతుంది, ఈ పనికి చూసుకునే మనిషి కావాలి. గ్లాసు నీలమణి గ్లాసైతే అంత సులువుగా గీతలు పడవు, మామూలు మినరల్ గ్లాసైతే పడతాయి. ఇక నీళ్ళ సంగతి. వెనక మూత మీద "30 మీటర్లు" అని ఉంటుంది. గోదావరి రేవులో నడుం లోతు నీళ్ళే గదా అని 2027 పుష్కరాలకి ఆ వాచీతో మునిగితే పాపాలతోపాటు వాచీ కూడా పోతుంది. 30 మీటర్లంటే చేతులు కడుక్కోవచ్చని మాత్రమే అర్థం, మునగాలంటే 100 ఉండాలి. ఉప్పాడ గాలికీ, వేసవి చెమటకీ తోలు బెల్టు ఒక్క సీజనులోనే కంపు కొడుతుంది. డెల్టాలో కట్టుకోడానికి చైనుదో రబ్బరుదో ఇవ్వని బ్రాండు వాడు మన వాతావరణం పటంలో కూడా చూడలేదన్నమాట.

ఇక స్విస్ మిషను నిజంగా అక్కరకొచ్చేది ఐదారేళ్ళ తర్వాత. నూనె ఆరిపోయి వాచీ మందగించినప్పుడు, కంటికి భూతద్దం తగిలించుకుని ముందుకి వంగి కూర్చునే మెకానిక్కు వెనక మూత తిప్పి చూస్తాడు. 2824 కుటుంబానిదైతే పని తెలిసినవాడికి అది ఎరిగిన ఇల్లే. స్పేర్లు దొరుకుతాయి, దొరక్కపోతే మొత్తం మిషనే కొత్తది వేసుకోవచ్చు. ఈ పాయింటు మీద స్విస్‌కి పూర్తి మార్కులు. కాని అదే మార్కులు సీకో ఎన్‌హెచ్35కీ సిటిజెన్ వాళ్ళ మియోటాకీ వెయ్యాలి, పైగా ఆ మిషన్లు బాగా చవక. అందుకని ఒకే కేసు, ఒకే డయలు ఉన్న వాచీని జపాను మిషనుతో ఒక ధరకీ, స్విస్ మిషనుతో దానికి రెట్టింపు ధరకీ అమ్మేవాడి దగ్గర మొదటిదే కొనమంటాను. మామగారు ఒప్పుకోరనుకోండి, అది వేరే సమస్య.

"ఇన్ని తంటాలెందుకు, టిస్సాట్ కొనేస్తే పోలా?" అనేవాళ్ళకి గట్టి జవాబు నా దగ్గర లేదు, ఎందుకంటే చాలామందికి అదే మంచి సలహా. షోరూము ఉంటుంది, గ్యారంటీ కార్డు ఉంటుంది, చుట్టానికి పేరు తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం. టిస్సాట్ లాంటి పెద్ద కంపెనీల పవర్‌మ్యాటిక్ 80 మిషన్లలో కొన్ని రకాలకి లోపల ప్లాస్టిక్ భాగాలున్నాయి. వాటిని విప్పి బాగు చెయ్యడం కన్నా మిషను మార్చెయ్యడమే అక్కడ రివాజు. ఎనభై గంటలు ఆగకుండా నడుస్తుంది, అది గొప్పే, కాని మన మెకానిక్కు దాన్ని చూసి సగౌరవంగా తిరిగిచ్చేస్తాడు. "అమ్మితే ఎంతొస్తుంది?" అనే అసలు సిసలు గోదావరి ప్రశ్న కూడా ఉంది. చిన్న బ్రాండు వాచీ అమ్మితే ఏమీ రాదనుకోవడం మంచిది. అమ్ముకునే ఆలోచన ఉన్నవాడు కాసు బంగారం కొనుక్కోవాలి, దానికి కీ ఇవ్వక్కర్లేదు. స్విట్జర్లాండుతో 2024 మార్చిలో కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చింది కాబట్టి అక్కడి వాచీల మీద సుంకం క్రమంగా తగ్గుతుంది. అప్పుడు ఉత్త స్విస్ పేరు మీద బతికే చిన్న బ్రాండ్లకి ఇప్పుడున్నంత దర్జా ఉండదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఆఖరుది: ఈ చిన్న కంపెనీ రేపు మూసేస్తే? మూసేస్తుంది, చాలా మూసేశాయి. ప్రభుత్వం వెన్నంటి ఉన్న హెచ్ఎంటీ వాచీల కంపెనీనే 2016లో మూసెయ్యమన్నారు. మిషను మటుకు ఏ మెకానిక్కు చేతిలోనైనా బతుకుతుంది. చచ్చేది కీ, గ్లాసు, వెనక మూత రబ్బరు వాషరు. ఇవి చాలావరకు ఆ వాచీ కొలతకే చేయించినవి, బయట దొరకడం కష్టం. అందుకని కొనేముందు బ్రాండు వాడికి ఒక్క ఈమెయిలు కొట్టండి: కీ ఒకటి, గ్లాసు ఒకటి, వాషర్లు రెండు విడిగా అమ్ముతారా, ఎంత? ధర చెప్పి పోస్టులో పంపిస్తానన్నవాడి దగ్గర నిశ్చింతగా కొనొచ్చు. "మాది స్విస్ మిషనండీ, వాటితో పనే పడదు" అని జవాబొస్తే, ఆ డబ్బుతో అల్లుడికి ఓ హెల్మెట్టు కొనిపెట్టండి.