బిల్లు పడగానే

మా బావ మునిసిపాలిటీలకూ పంచాయతీలకూ సరుకు సప్లై చేస్తాడు. సందు దొరికితే చిన్నా చితకా పనులూ చేస్తాడు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా, మధ్యలో తర్లుపాడు, కంభం, బేస్తవారిపేట కలుపుకుని, ఆయన మోటార్‌సైకిలు ఆగని సర్కారు వరండా లేదు. ఇట్లాంటి మనిషి మీ ఊళ్లోనూ ఉంటాడు. చంకలో రెగ్జిన్ సంచి, జేబులో రెండు పెన్నులు (ఒకటి తనకి, రెండోది సంతకం పెట్టబోయే అయ్యగారికి), నోట్లో ఒకటే మాట: "బిల్లు పడగానే."

బిల్లు పడగానే ఇంటికి సున్నం. బిల్లు పడగానే మా అక్కకి గాజులు. చెన్నకేశవస్వామికి మొక్కుకున్న నూటపదహార్లు కూడా బిల్లు పడగానే. నా దగ్గర తీసుకున్న చేబదులూ ఆ జాబితాలోనే ఉంది. దేవుడి తర్వాతి వరస నాది కాబట్టి గట్టిగా అడగలేను. అడగలేని వాడు రాస్తాడు.

ఆయన సంచీలో లేని వస్తువు లేదు. బ్లీచింగు, ఫినాయిలు, పారలు, చీపుర్లు, చెత్త బండ్లు, వీధి దీపాలు, కాలిపోయిన బోరు మోటారుకి రీవైండింగు, అన్నీ ఆయనే. ప్రతి వస్తువుకీ రెండు ధరలు. బజారు ధర ఒకటి, ఆఫీసు ధర ఇంకొకటి. "ఇంత ఎక్కువా బావా?" అంటే ఆయనకి కోపం రాదు, జాలి వస్తుంది. "ఒరే అబ్బయ్యా, బజారోడు నీ చేతిలో డబ్బు చూసి రేటు చెప్తాడు. నేను ఆ డబ్బు నా మనవడి కాలానికి వచ్చుద్దని చెప్తున్నా. వడ్డీ ఎవడు కట్టాల?"

చిన్న కొనుగోళ్లకి మూడు కొటేషన్లు కావాలి కదా, ఆ మూడూ ఆయన సంచీలోనే పుడతాయి. ఒకటి తన పేర, ఒకటి తమ్ముడి పేర, మూడోది మా అక్క పేర. తనకొక ఏజెన్సీ ఉందన్న సంగతి మా అక్కకి జీఎస్టీ నోటీసు వచ్చినప్పుడు తెలిసింది. తెలిసినందుకు బాధపడలేదు గానీ, ప్రతిసారీ తనే ఎక్కువ రేటు వేసి ఓడిపోతోందని తెలిసి వారం రోజులు సరిగా కూర వండలేదు. "ఒక్కసారన్నా నన్ను గెలిపించకూడదా?" అని ఆమె వాదన. ఇందులో న్యాయం ఉంది. పని పెద్దదయితే దాన్ని టెండరు హద్దుకి ఇవతల పడేట్టు ముక్కలు చేయించే విద్య కూడా మా బావకి తెలుసు. ఒకే కాలవ ఆయన బిల్లుల్లో మూడు కాలవలై పారుతుంది.

టెండర్ల పాత రోజులంటే ఆయనకి ప్రాణం. అప్పట్లో పెట్టె ఉండేది. కవరు పెట్టెలో వెయ్యడం కన్నా పెట్టె దాకా చేరడం గొప్ప. టెండరు షెడ్యూలు కొననివ్వని వాళ్లు, మెట్ల దగ్గరే చెయ్యి పట్టుకుని టీకి తీసుకెళ్లే వాళ్లు ఉండేవారట. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ-ప్రొక్యూర్‌మెంటు వచ్చి పెట్టె పోయింది, మెట్లు పోయాయి. "టీ కూడా పోయిందిరా" అని నిట్టూరుస్తాడు. ఇప్పుడు ఇంటర్నెట్ సెంటరు కుర్రాడి పక్కన కూర్చుని "ఇంకో రెండు లెస్ కొట్టు" అంటాడు.

లెస్, అంటే అంచనా కన్నా ఇంత శాతం తక్కువకి చేస్తాననడం, ఆయనకున్న వ్యసనం. పేకాడడు, తాగడు, లెస్ వేస్తాడు. పోటీవాడు పది లెస్ వేశాడంటే ఈయనకి రోషం. 2003 నాటి జీవో 94 ప్రకారం అంచనా మీద 5 శాతం మించి ఎక్కువ కోట్ చేస్తే ఒప్పుకోరు. 25 శాతం మించి తక్కువ వేస్తే ఆ పై తేడాకి ముందే డబ్బో బ్యాంకు గ్యారంటీయో చూపించాలి. ఆ జీవో కాపీ మడతలు చిరిగి జేబులోనే ఉంటుంది. అయినా లెస్ వేస్తాడు, పని తెచ్చుకుంటాడు, ఇంటికొచ్చి తల పట్టుకుంటాడు. పెద్ద పనులకి 2019లో రివర్స్ టెండర్లు పెట్టి 2024లో తీసేశారని పేపర్లో చదివి, "పెట్టేదేంది, తీసేదేంది? నాకు మొదట్నించీ అంతా రివర్సే గదా" అన్నాడు.

పని చెయ్యడం ఆయన లెక్కలో చివరి పని కాదు, మొదటి పని. అసలు పని తర్వాత మొదలవుతుంది. ఏఈ గారు కొలవాలి, కొలతల పుస్తకం (ఎంబుక్) రికార్డు కావాలి, డీఈ గారు చెక్ మెజర్‌మెంటు చెయ్యాలి, అకౌంట్సు చూడాలి, కమిషనర్ గారు సంతకం పెట్టాలి, ఆపైన ఖజానా. 2018లో సర్కారు చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్ వచ్చాక బిల్లు ఎక్కడుందో ఫోన్లోనే చూడొచ్చు. ఇది ఆయనకి మేలు చేసిందో కీడు చేసిందో చెప్పలేం. పెళ్లి భోజనంలో పప్పుకీ సాంబారుకీ మధ్య ఒకసారి స్టేటస్ చూస్తాడు. పంచాయతీ బిల్లయితే ఇంకో తంటా. సర్పంచి గారి డిజిటల్ సంతకం, కార్యదర్శి గారి డిజిటల్ సంతకం, రెండూ ఒకటవ్వాలి. వాళ్లిద్దరికీ మాటలు లేకపోతే రాజీ చేసే బాధ్యత మా బావది.

తీరా పడిందే అనుకోండి, పూర్తిగా పడదు. ఇన్‌కంట్యాక్సు, కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ కింద 2 శాతం, పనుల మీద లేబర్ సెస్సు 1 శాతం, కంకరకి సీనరేజీ రుసుము, నిర్మాణ శిక్షణ సంస్థ న్యాక్ వారి కోత, గ్యారంటీ కింద ఆపి ఉంచే సొమ్ము... ఇవన్నీ పురోహితుడు సంకల్పం చెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఈ అధికారిక పద్దుల తర్వాత గొంతు తగ్గించి ఇంకేవో పద్దులు కూడా చెప్పబోతాడు. మా అక్క దగ్గుతుంది. ఆయన ఆగిపోతాడు.

మార్చిలో మా ఇంట్లో ఏ శుభకార్యమూ పెట్టుకోం. పెడితే బావ రాడు. నెలాఖరున బిల్లుల చెల్లింపుకి ఫ్రీజింగు పెట్టారని ఎవరన్నా అన్నారో, మనిషి అన్నం ముట్టడు. 31వ తేదీ అర్ధరాత్రి దాకా సెల్ పట్టుకుని కూర్చుంటాడు. ఏప్రిల్ ఒకటిన మాకందరికీ తెలిసిన మాట చెబుతాడు: "కొత్త బడ్జెట్లో పడుద్దిలే."

ఇంత చదివి మీకు ఆయన మీద కోపం వచ్చి ఉంటే, ఒక వేసవి మా వైపు రండి. బోర్లు ఎండుతాయి, ఉన్న నీళ్లలో ఫ్లోరైడు. అప్పుడు సందు సందుకీ తిరిగేది మా బావ లాంటి వాళ్ల ట్యాంకర్లే. డీజిలు అరువు, డ్రైవరు జీతం అరువు. ట్రిప్పు ట్రిప్పుకీ సంతకాలు పెట్టించుకోవాలి, పైగా ట్యాంకరుకి జీపీఎస్. "ట్యాంకరు యాడ నిలబడిందో పైవోళ్లకి తెలుసుద్ది. బిల్లు యాడ నిలబడిందో ఎవురికీ తెలవదు" అంటాడు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు ఇంటింటికీ వస్తే తన ట్యాంకరు వ్యాపారం మూతపడుతుంది. అయినా ఆ నీళ్ల కోసం మా ఊళ్లో అందరికంటే ఎక్కువ ఎదురుచూసేది ఆయనే. వాళ్ల నాన్నకి ఫ్లోరైడు నీళ్లతోనే నడుం వంగిపోయింది.

2020లో కరోనా వచ్చినప్పుడు ఆర్డరు కాగితం లేకుండానే, నోటి మాట మీద, హైపోక్లోరైటూ బ్లీచింగూ వీధి వీధికీ దించాడు. తాజా బ్లీచింగులో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుందట, మూట విప్పి ఉంచితే తరిగిపోతుందట. "క్లోరిన్ ఎగిరిపోయింది, కరోనా ఎగిరిపోయింది, బాకీ మాత్రం గట్టిది, కదల్లేదు" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నా చేబదులు సంగతి ఎత్తకుండా వచ్చేశాను. దారిలో కిరాణా కొట్టు వాడు ఆపి పాత బాకీ అడిగితే నా నోటి నుంచి ఏ మాట వచ్చిందో మీరు ఊహించగలరు.

చిన్న సప్లయిదారుకి 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని, లేకపోతే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ కట్టాలని 2006లోనే చట్టం చేశారు. మా బావకి అది కంఠతా వచ్చు. వాడుకోడు. "సెక్షను చూపిస్తే రేపు పని చూపించరు" అంటాడు. ఆయన మూడు లెటర్‌హెడ్లనీ నేను సమర్థించను. కాకపోతే ఊరు వడ్డీ లేకుండా ఆయన దగ్గర అప్పు తీసుకుంటూ, ఆయన రేటు ఎక్కువని తిట్టడం మాత్రం మన దొడ్డబుద్ధి కాదు. డబ్బు వేళకి ఇచ్చే ఆఫీసుకి సరుకు చౌకగా వస్తుంది, నాణ్యంగా వస్తుంది, నాలుగో కొటేషను కూడా ఎవరో నిజమైన మనిషి తెచ్చి ఇస్తాడు.

ఇది చదువుతున్న వారిలో సంతకం పెట్టే కుర్చీలో ఎవరైనా ఉంటే ఒక్క మనవి. బల్ల మీద ఎడమ వైపు అడుగున ఉన్న ఫైలు ఒకసారి చూడండి. అందులో మా అక్క గాజులున్నాయి, చెన్నకేశవస్వామి నూటపదహార్లున్నాయి, నా డబ్బులూ ఉన్నాయి.