ఐసు ఇన్‌ఛార్జి గారు

డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో వైపు తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్తే, ఆర్నెల్లకని వచ్చిన పెద్దాయన ఒకరు స్వెట్టరు వేసుకుని ఫ్రిజ్ ముందు నిలబడి కనిపిస్తారు. ఆయనే ఆ ఇంటి ఐసు ఇన్‌ఛార్జి. సర్వీసులో ఇరిగేషన్ డీఈ. గోదావరి కాలవల మీద తలుపులెత్తించి, దింపించిన చెయ్యి. ఇక్కడ కారు ఇవ్వరు, గడ్డి కొయ్యనివ్వరు, పోపు పెట్టబోతే పొగ అలారం కేకలేస్తుంది. కొడుకింట్లో ఆయన అజమాయిషీకి మిగిలిన తూము ఒక్కటే: ఫ్రిజ్ వెనకాల పావంగుళం నీళ్ల గొట్టం.

కొడుకూ కోడలూ ప్లాస్టిక్ కవరు కూడా విప్పని మాన్యువల్‌ను ఆయన అండర్‌లైన్లు గీసి మరీ చదివారు. ఇంటికెవరైనా వస్తే, కాఫీకి ముందే సైట్ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది.

"వాల్వు తెరుచుకునేది ఏడెనిమిది సెకన్లేనండీ. అచ్చు నిండుతుంది, గడ్డ కడుతుంది. థర్మోస్టాట్ ఆ సంగతి కనిపెట్టగానే అడుగున హీటరు వేడెక్కుతుంది."

"ఫ్రీజర్లో హీటరా!" అని అతిథి నోరు తెరవాలి. తెరవకపోతే మళ్లీ వాల్వు దగ్గర్నుంచి మొదలు. అంచులు కాస్త కరిగాక తెడ్డు తిరిగి ముక్కల్ని డబ్బాలో పడేస్తుంది. డబ్బా నిండితే పక్కనున్న తీగ కిందికి దిగలేక పైనే ఆగిపోతుంది, పని బంద్. "ఎఫ్‌ఆర్‌ఎల్ అన్నమాట, జలాశయం పూర్తి మట్టం!" అంటారు ఆనందంగా. మనవడు ఒకరోజు ఆ తీగను పైకెత్తి వదిలేశాడు. ఉత్పత్తి ఆగింది. విచారణ రెండు రోజులు సాగింది. ముద్దాయి కార్టూన్లు చూస్తూనే నేరం ఒప్పుకున్నాడు.

ముక్కలు చిన్నగా, డొల్లగా పడితే ఎగువన ఎవరో నీళ్లు కొట్టేస్తున్నారని ఆయన మొదటి అనుమానం. అసలు కారణం ఫిల్టరు మూసుకుపోవడమని మాన్యువల్లో ఉంది. అయినా పక్కింటి స్ప్రింక్లర్ల మీద ఓ కన్నేసే ఉంచుతారు. ముక్కలన్నీ అతుక్కుని బండవుతున్నాయేమోనని అరగంటకోసారి తలుపు తీస్తారు. తీసినప్పుడల్లా వెచ్చగాలి లోపలికి పోయి ముక్కలు చెమర్చి, మూశాక మళ్లీ గడ్డకట్టి, నిజంగానే బండవుతాయి. "చూశావా, నేను కనిపెట్టుకుని ఉండబట్టి తెలిసింది!" అంటారు భార్యతో.

ఆవిడతో ఆయనకు వేరే తగాదా ఉంది. ఫ్రీజర్లో మూత సరిగా పెట్టని చేపల పులుసు వాసన ఐసుకు పట్టేస్తోందని నోటిమాటగా మెమో ఇచ్చారు.

"మీ ఐసు ముట్టేవాళ్లెవరండీ? నా పులుసుకైతే వీధి చివరి వాళ్లు కూడా గిన్నె పంపుతారు" అని ఆవిడ జవాబు.

ఆ మాటలో నిజముంది. ఆయన తాగేది జీలకర్ర వేణ్ణీళ్లు. ఆవిడకు చల్లనిదంటే పడిశం. పిల్లాడికి టాన్సిల్స్ అని కోడలు ఐసు దగ్గరికే రానివ్వదు. కొడుకు చల్లనివి ఆఫీసులోనే తాగి వస్తాడు. యంత్రం మాత్రం రోజుకు కిలోన్నర దాకా కురిపించగలదు. నిలవ ఐసు పారబొయ్యాలని మాన్యువల్ శాసనం కాబట్టి, వారానికోసారి డబ్బా బకెట్లోకి వంపి, కరిగాక కరివేపాకు కుండీకి తడి పెడతారు. ఆయకట్టు మొత్తం ఆ ఒక్క కుండీయే.

ఆరో నెల్లో ఫిల్టరు మార్చమని ఎర్రలైటు వెలుగుతుంది. అమెరికాలో ఉండనిచ్చే ఐ-94 గడువూ అప్పుడే దగ్గరపడుతుంది. కొత్త ఫిల్టరు స్వయంగా బిగించి, మొదటి నీళ్లు పారబోసి, తొలివిడత ఐసు కూడా పారేసి, ఛార్జి అప్పగించడానికి సిద్ధమయ్యారు. రాబోయే ఆర్నెల్లకు దిగినవారు వియ్యంకుడు, ఏజీ ఆఫీసులో ఆడిట్ చేసి రిటైరైన మనిషి. వాల్వు నుంచి తెడ్డు దాకా కథంతా ఓపిగ్గా విన్నారు. డబ్బా లాగి చూశారు. కళ్లజోడు సవరించుకున్నారు.

"స్టాకు బ్రహ్మాండంగా ఉంది బావగారూ. ఇష్యూ రిజిస్టరు ఏదీ?"