వేలిముద్ర పడలేదు, నిజమే

పింఛను కౌంటరు అధికారి గారికి, రాజమండ్రి నుంచి ఒక రిటైర్డు లెక్కల మాస్టారు వ్రాసుకొను బహిరంగ విన్నపము.

విషయం: తమరు మాకు ప్రసాదించిన రెండో బాల్యమును వాపసు చేయుట గురించి.

అయ్యా,

మొన్న నవంబరులో, ఇంకా బతికే ఉన్నానని రుజువు చేసుకోడానికి మనవణ్ణి తోడు తీసుకుని తమ కౌంటరుకొచ్చాను. తమరు మావాణ్ణి అడిగారు: "తాతకి సంతకం వచ్చా?" 34 ఏళ్లు ప్రోగ్రెస్ కార్డుల మీద పెట్టిన సంతకమండీ అది! తర్వాత నా వైపు తిరిగి, ఏటవతల కొవ్వూరుకి వినపడేట్టు, "తాతా, బుజ్జి వేలు ఇక్కడ పెట్టాలి! ఆఁ, గుడ్ బాయ్!" అన్నారు.

ముద్ర పడలేదు. సుద్దముక్కలు అరగదీసిన వేలది. "బతికున్న రుజువు ఫోన్లో మొహం చూపించి కూడా ఇవ్వొచ్చు కదండీ, ఆ పద్ధతి 2021 నుంచీ ఉందిగా" అన్నాను. "అవన్నీ నీకర్థం కావులే" అన్నారు. చేతులు కట్టుకుని "అలాగేనండి, టీచర్" అన్నాను. క్యూ అంతా నవ్వింది, తమరు తప్ప.

నా వెనక ఆత్రేయపురం మామ్మగారు. కాలే కుండ మీద పూతరేకులు తీసీ తీసీ వేళ్ల కొనలు గాజులా నునుపుదేరాయి. తమరి కేకలు విని, "నెమ్మదిగా చెప్పండి బాబూ, నాకు చెవుడు లేదు. మీకే గొంతు పట్టేస్తదండి" అంది. తిట్టేటప్పుడు కూడా "అండి" వదల్లేదు, గమనించారా? ఆయ్, మా గోదావరి వాళ్లం అంతేనండి.

ఆవిడ వెనకాయన మాత్రం ఏమీ అనలేదు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ రాకపోతే పింఛను ఆగుతుంది. తమరు మతిమరుపనుకుంటారు.

మతిమరుపు జబ్బున్న వాళ్లకే ఈ ముద్దుమాటలు గిట్టవట. అమెరికాలో క్రిస్టీన్ విలియమ్స్ అనే నర్సింగ్ పరిశోధకురాలు వృద్ధాశ్రమాల్లో వీడియోలు తీసి చూసి, పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడితే వాళ్లు మొరాయించడం ఎక్కువైందని 2009లో తేల్చారు. మతి ఉన్నవాళ్లం, మేమెంత మొరాయించాలి?

కాబట్టి మనవి. ప్రశ్న నన్నే అడగండి. వినపడకపోతే నేనే చెబుతాను. పిలవాలనిపిస్తే "మాస్టారూ" అనండి. "బుజ్జి" అని మా అమ్మ పిలిచేది. 1986 వరదల ఏడాది పోయింది. ఆ పిలుపు ఇంకెవరికీ బదిలీ చేయలేదు.

ఇట్లు,
సజీవుడు
(వేలిముద్ర పడనందున సంతకం చేయడమైనది)