పెద్ద ఇంగ్లీషు మాటని నరకడం ఎలా?

మీ అబ్బాయి పెద్ద ఇంగ్లీషు మాట ఎదురైతే బిక్కచచ్చిపోతున్నాడా? అన్నవరం సత్యదేవుడికి వ్రతం మొక్కుకునే ముందు ఈ పద్ధతి చూడండి. ఖర్చు లేదు, కత్తి ఉంటే చాలు.

మాటలో నక్కిన చిన్న మాటలు వెతకండి. లెఫ్టినెంట్ స్పెల్లింగు ‘లై, యు, టెన్, యాంట్’. అబద్ధం, నువ్వు, పది, చీమ. తరతరాల పిల్లలు దీంతోనే గట్టెక్కారు. ఒక్క మాటకి పనిచేసింది కాబట్టి అన్నిటికీ పనిచెయ్యాల్సిందే.

ఉప్పాడ తీరంలో తెప్పలు చూశారు కదా, వాటిని ఇంగ్లీషులో కాటమరాన్ అంటారు. నరికితే క్యాట్, ఎ, మా, రాన్. పిల్లిని చూసి అమ్మ పరిగెత్తిందన్నమాట. కాదండీ, అది తమిళుల ‘కట్టుమరం’, దుంగలు కలిపి కట్టినది, పలకడానికి నాలుగు ముక్కలైనా అర్థానికి రెండే అని పండితులు గొణుగుతారు. పలుకుబడికో లెక్క, అర్థానికో లెక్కట! కత్తి ఒకటే అయినప్పుడు రెండు లెక్కలెందుకు?

అన్నవరం దేవుడి పేరు మీదా సాధన చెయ్యొచ్చు. సత్యనారాయణ ఇంగ్లీషులో 13 అక్షరాలు. మొదటి మూడూ కోస్తే ‘శాట్’, కూర్చున్నాడు. రత్నగిరి మీద స్వామి నిలబడే ఉన్నాడు కదా అని పిల్లాడు అడిగితే, గ్రామరు దేవుళ్లకి వర్తించదనండి.

ఇక పలుకుకో చప్పట కొట్టి ముక్కలు లెక్కపెట్టడం. ‘స్ట్రెంగ్త్’లో అచ్చు ఒక్కటే, కాబట్టి చప్పట ఒక్కటే కొట్టాలని పుస్తకాల్లో ఉంటుంది. ఎనిమిది అక్షరాలకి ఒక్కటా? పిసినారితనం కాకపోతే! మనవాడు ‘ఇ, స్ట్రెం, గు, తు’ అని నాలుగు కొడతాడు. కొట్టనివ్వండి. స్కూలుని ఇస్కూలు చేసుకున్నవాళ్లం, ఆయ్.

ముందు ‘అన్’ ఉంటే వ్యతిరేకార్థం. అన్‌హ్యాపీ అంటే హ్యాపీ కాదు. అంకుల్ అంటే కుల్ కాదు. కుల్ ఏమిటని మాత్రం అడక్కండి.

ఎక్కడ నరకాలో తోచకపోతే నడిమికి నరకండి. హెలికాప్టర్‌కి జరిగింది అదే. 1861లో ఆ పేరు కట్టిన ఫ్రెంచి ఆయన రెండు గ్రీకు మాటలు అతికించాడు: ‘హెలికో’ అంటే మెలి తిరిగినది, ‘ప్టెరాన్’ అంటే రెక్క. జనం ఆ అతుకు చూసుకోకుండా ‘హెలి’ దగ్గర ఒక్క వేటు వేసి, ఆ తునకతో హెలిప్యాడ్ అని ఇంకో మాట కూడా చేసుకున్నారు. దాని మీద హెలికాప్టర్లు లక్షణంగా దిగుతున్నాయి.