ముహూర్తం బిళ్ళ

పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్ర ఎంత ప్రమాదమో తెలుసుకోవాలంటే వైద్య కళాశాలకు వెళ్ళనక్కర్లేదు, ఉద్దానంలో ఏ అరుగు మీద కూర్చున్నా చాలు. గర్భసంచి ఎండిపోతుందట. ఒంటికి వేడట. మానేశాక కూడా కడుపు పండదట. కేన్సరైతే రాసిపెట్టినట్టేనట. ఈ చివరి ముక్క సెలవిచ్చే పెద్దామె అడ్డపొగ మనిషి. చుట్ట నిప్పు కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుని, ఆ పొగలోంచే కోడలికి కేన్సర్ జాగ్రత్తలు చెబుతుంది. శ్రీకాకుళం తీరంలోని అడ్డచుట్ట అంగిలి కేన్సర్ పుణ్యమా అని వైద్య గ్రంథాలకెక్కి దశాబ్దాలైంది. ఆ కబురు అరుగు దాకా రాలేదు.

అదే ఇంట్లో గృహప్రవేశం వచ్చిందనుకోండి. కోడలి నెలసరి సరిగ్గా ముహూర్తానికే తగిలేలా ఉంది. మాత్ర పేరెత్తితే మండిపడ్డ ఆ నోరే, "ఒరే, కాశీబుగ్గ ఎల్లి ఆ ఆపీ బిల్లలు బేగి అట్టుకురా" అంటుంది. గర్భసంచి ఎండదు, వేడి చెయ్యదు, కేన్సర్ ఊసే ఉండదు. దేవుడి పని కదా!

మందుల షాపులో పని అర నిమిషం. "డేట్ బిళ్ళలా? ఎన్ని రోజులకి?" షాపతను అడిగే ప్రశ్న అదొక్కటే. అట్టలోంచి కత్తెరతో తొమ్మిదో పన్నెండో కత్తిరించి కాగితం కవర్లో వేస్తాడు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. బీపీ ఉందా, ఇంతకుముందు కాలి నరాల్లో రక్తం గడ్డకట్టిందా, లివర్ జబ్బుందా అని ఎవరినడుగుతాడు? కొనేది మొగుడు, మింగేది పెళ్ళాం.

ఆ బిళ్ళ నారెథిస్టిరోన్. మామూలుగా 5 మిల్లీగ్రాములది రోజుకు మూడుసార్లు, నెలసరికి మూడు రోజుల ముందునుంచి వేస్తారు. ఒంట్లోకి వెళ్ళాక అందులో కొంత ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు మింగితే అది 20–30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ మాత్ర వేసుకున్నంత పని. మరి ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఉన్నదెంత? అదే ఇథినైల్ ఈస్ట్రడయాల్, 30 మైక్రోగ్రాములు. ఆశా కార్యకర్త చేతిలో విషమైనది కొత్తమ్మ తల్లి జాతరకూ, రావివలస ఎండల మల్లన్న దగ్గర కార్తీక సోమవారానికీ తీర్థమైపోతుంది.

మాత్రతో ఏ ముప్పూ లేదని నేననను. మొదటి రెండు మూడు నెలలు వికారం, తలనొప్పి, మధ్యమధ్య మరకలు మామూలే. రొమ్ము కేన్సర్ ముప్పు కాస్త పెరుగుతుంది, అండాశయం, గర్భాశయం లోపొర కేన్సర్లు బాగా తగ్గుతాయి. రక్తం గడ్డకట్టడం అసలైన భయం. మాత్ర వాడని పదివేల మందిలో ఏడాదికి 1–5 మందికి వస్తే, వాడేవారిలో 3–9 మందికి వస్తుంది. గర్భిణుల్లో 5–20. కాన్పయిన కొత్తలో ఆ లెక్క 40–65 దాకా పోతుంది. అయినా గర్భానికి దుష్ఫలితాలున్నాయని అరుగు మీద ఎవరూ హెచ్చరించగా వినలేదు.

ఇక బీపీ. 140/90 దాటినవారికి ఈస్ట్రోజెన్ మాత్ర మామూలుగా ఇవ్వొద్దనీ, 160/100 దాటితే అసలే వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 35 ఏళ్ళు దాటి పొగ తాగేవారికీ అంతే. మా ఉద్దానమేమో కిడ్నీ జబ్బుల దేశం. ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలక, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి తెరవాల్సి వచ్చిన చోటు. క్రియాటినిన్ ఎంతని పలకరించుకునే ఊళ్ళు. జీడిపిక్కల పని నుంచొచ్చి నడుంనొప్పికి పిడికెడు నొప్పి బిళ్ళలు మింగినా, జాతరకు డేట్ బిళ్ళ వేసుకున్నా, జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూసే నాథుడు లేడు.

మాత్ర ప్రమాదమని మానిపించిన ఇల్లు కోడలిని వదిలేస్తుందా? రెండో కాన్పు కాగానే ఆపరేషన్ బల్ల ఎక్కిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీతోనే నెట్టుకొస్తున్నారు. మాత్ర వాడేవారు నూటికి ఒక్కరు లేరు. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్ళూ నూటికి ఒక్కరు లేరు. కోత పెడితే వేడి చెయ్యదు కాబోలు, అదీ ఆడదానికైతే.

ముహూర్తం మార్చొచ్చు కదా అంటే పంతులుగారు ఒప్పుకోరంటారు. మామగారి డయాలసిస్ సోమ, బుధ, శుక్రవారాలనుకోండి. ఆ మూడు రోజులూ వదిలేసి, పంచాంగం నాలుగుసార్లు తిరగేసి, మంగళవారం వద్దనుకుని, గురువారానికి లగ్నం కుదిర్చేదీ ఆ పంతులుగారే.