చీనీకి చీటీ లేదాయె

కర్నూలు, కడప బజార్లలో పండ్లు కొనే పెద్దమనుషుల్లో ఒక కొత్త తెగ బయల్దేరింది. వీళ్ళకు నాలుకతో పని లేదు, కంటితోనే రుచి చూసేస్తారు. తోపుడుబండి మీద గుట్టపోసిన చీనీకాయలను ఎగాదిగా చూసి, "ఏమన్నా, ఇంకా పచ్చివేనే! మాగినేవి లేవా?" అంటారు. "మాగినేవే సార్, బో తియ్యగుండాయి, కోసిస్తా, తిని చూడు" అంటాడు బండాయన. తిని చూడటమా? అంతమాట వాళ్ళు పడరు. నేరుగా ఏసీ అంగడికి పోతారు. అక్కడ ఎర్ర వలసంచిలో ఏడెనిమిది బుల్లి నారింజలు, ఒక్కోదానికి నుదుటన బొట్టులాగా ఒక స్టిక్కరు. ఏ దేశం పేరుందో చదవరు. బొట్టుంది, చాలు.

చీనీ చేసిన నేరం ఒకటే, రాయలసీమలో పుట్టడం. నారింజ జాతి తొక్కలోని పచ్చదనం విరగాలంటే చలిరాత్రులు కావాలి. వేడి 13 డిగ్రీల దరిదాపులకో, ఇంకా కిందికో దిగాలి, అదీ వరసగా కొన్నాళ్ళు. కర్నూలులో సంక్రాంతికి కూడా ఫ్యాను ఆపని ఇళ్ళున్నాయి. ఇక్కడి కాయ లోపల రసం నిండి, పులుపు విరిగి, తీపి దిగినా పైతొక్కకు ఆ కబురు అందదు. వియత్నాంలో ఇంతే, థాయిలాండులో ఇంతే. అక్కడి జనం పచ్చటి నారింజను కొంటారు, కోసుకొని తింటారు, తొక్కతో పంచాయితీ పెట్టుకోరు.

మరి ఆ వలసంచిలోని అందగత్తె? ఆమె పేరు క్లెమెంటైన్. సీజను మొదట్లో కోసే క్లెమెంటైన్లు చాలావరకు చెట్టు మీద పచ్చగానే ఉంటాయి. ఇథిలీన్ వాయువు పట్టిన గదిలో కొన్నాళ్ళు కూర్చోబెట్టి రంగు తేలుస్తారు. కడిగి, మైనం పూసి, నిగనిగలాడించి పెట్టెకెక్కిస్తారు. ఇథిలీన్ విషమేమీ కాదు, పండ్లు తమంతట తామే పుట్టించుకునే వాయువే. దాన్ని నేనేమీ అనను. గదిలో రంగు తేలినది మేలురకం పండూ, చెట్టు మీద మాగినది పచ్చికాయా ఎట్లా అయ్యాయో మాత్రం ఎవరన్నా చెబితే వింటా.

వంశం సంగతి కూడా మనవి చేసుకోవాలి. అల్జీరియాలో ఒరాన్ దగ్గర మిస్సెర్గిన్ అనే ఊళ్ళో క్రైస్తవ సన్యాసులు నడిపిన అనాథాశ్రమం ఉండేది. అక్కడి తోట చూసుకున్న బ్రదర్ క్లెమెంట్ పేరు మీద 1902లో ఆ పండుకు క్లెమెంటైన్ అని నామకరణం చేశారు. తర్వాత శాస్త్రవేత్తలు జన్యువులు విప్పి చూస్తే, తల్లి మధ్యధరా తీరపు కమలా, తండ్రి తీపినారింజ అని తేలింది. మన సాతుగుడి చీనీ ఆ తీపినారింజ ఇంటిదే. వరస కలిపితే పెదనాన్న. పెదనాన్నను ఎండలో బండి మీద నిలబెట్టి, బిడ్డకు ఏసీ గది ఇచ్చిన ఘనత మనది. ఇంకో ముక్క. చీనీ చెట్టు సీమ నేలలో నిలదొక్కుకునేది రంగపూర్ నిమ్మ వేళ్ళ మీద. కరువుకు ఓర్చుకుంటుందని అంటు కట్టడానికి దాన్నే వాడమంటారు. ఆ నిమ్మకాయ పండితే అచ్చం కమలా రంగులో ఉంటుంది, అందులో ఉన్నదీ కమలా రక్తమే. రంగే కావాలనేవాళ్ళు చీనీ చెట్టు మొదట్లో తవ్వుకోవచ్చు.

"అయినా గింజలు సార్, గింజలు!" అంటుంది తెగ. నిజమే, చీనీలో పదికి పైచిలుకే ఉంటాయి. క్లెమెంటైన్ తన పుప్పొడితో తాను గింజ కట్టుకోలేదు. తేనెటీగ పక్కతోట నుంచి వేరే జాతి పుప్పొడి మోసుకొచ్చిందా, దానికీ గింజలు పడతాయి. అందుకని కాలిఫోర్నియాలో తోటలవాళ్ళు పూతకాలంలో చెట్ల మీద వలలు కప్పుతారు. తేనెటీగలు పెంచేవాళ్ళతో తగాదా పడి ప్రభుత్వం దాకా పోయారు కూడా. ఇక్కడ మనకు గింజ ఉమ్మే శ్రమ తప్పాలంటే అక్కడ ఈగ పూల మీద వాలకూడదన్నమాట.

ఈ గింజల మీద విరక్తి అన్నా నికార్సయినదా అంటే, అదీ కాదు. డిసెంబరు దిగగానే కర్నూలు రాజ్‌విహార్ సెంటరు నుంచి కడప ఏడు రోడ్ల దాకా బండ్లన్నీ ఎర్రబడతాయి. "నాగపూర్ కమలా" అని అరిచే బండ్లలో కొన్నింటి మీద ఉండేది పంజాబు అబోహర్ వైపు నుంచి లారీల్లో దిగిన కిన్నో. దాని పుట్టిల్లు నాగపూరూ కాదు, పంజాబూ కాదు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో 1915లో ఫ్రాస్ట్ అనే ఆయన రెండు కమలా జాతులను కలిపితే పుట్టింది. 1935లో రైతుల చేతికొచ్చింది. గింజల్లో అది చీనీకి ఏమాత్రం తీసిపోదు. ఒక్కరన్నా లెక్కపెట్టగా నేను చూడలేదు. తొక్క మెరుస్తోంది కదా! జనవరి ఎండలో మిద్దె మీద కూర్చొని కమలా వలుచుకోవడంలో సుఖముంది, కాదనను. గోరు దిగీదిగగానే తొక్క చిందించే ఆ నూనె వాసనకు, తిన్నాక చేతులు కడుక్కోబుద్ధి కాదు. చీనీకి కత్తి కావాలి, ఓపిక కావాలి, అదీ ఒప్పుకుంటా. తినండి, ఎవరొద్దన్నారు? కమలా తినడానికి చీనీని తిట్టాలని ఏ వైద్యుడు రాసిచ్చాడు?

వైద్యమంటే గుర్తొచ్చింది. పిల్లోడు రెండుసార్లు తుమ్మితే "పుల్లటివి పెట్టొద్దు, జలుబు చేస్తుంది" అని చీనీని వెలివేసే ఇంటికే, వాట్సాప్ వైద్యం పుణ్యాన రోగనిరోధక శక్తి కోసం వలసంచి వస్తుంది. నూరు గ్రాముల నారింజలో సి విటమిను 50 మిల్లీగ్రాముల అటూ ఇటూ, బుల్లి నారింజల్లో అంతో, ఇంకా తక్కువో. జామలో 200 పైనే. కానీ జామ పెరట్లో కాస్తుంది. పెరట్లో కాసేదానికి శక్తి ఉందంటే నమ్మేదెవరు? ఇదే జనం "ఏ సీజన్‌లో పండేది ఆ సీజన్‌లోనే తినాలి" అని ఉపన్యాసం కూడా ఇస్తారు. జులై నుంచి అక్టోబరు మధ్య మన అంగళ్ళలో కనపడే ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కమలాలకు అది సీజనే. భూమికి అవతలి సగంలో చలికాలం కదా. అక్కడి సీజను శీతల పెట్టెలో వారాల తరబడి ఓడ మీద ప్రయాణం చేసి వస్తుంది. ఆగస్టులో, సెప్టెంబరులో తోటల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చే చీనీ మాత్రం సీజను కిందికి రాదు.

ఇక స్టిక్కరు మహిమ. దాని మీది నాలుగంకెలు బిల్లు కొట్టే అమ్మాయి కోసం. ఇది ఏ పండో, ధర ఎంతో యంత్రానికి చెప్పడానికి. తీపి ఎంతో అందులో ఉండదు. సరుకు గొప్పగా కనపడాలని, ఒక్కోసారి కుళ్ళు కప్పెయ్యాలని ఇక్కడి వ్యాపారులు స్టిక్కర్లు అతికిస్తున్నారని దేశ ఆహార భద్రతా సంస్థే కొన్నేళ్ళ కిందట హెచ్చరించింది. బొట్టు కింద మచ్చ ఉండొచ్చునని సర్కారు చెప్పినా భక్తి తగ్గలేదు.

ఆ బొట్టు లేని కాయ వెనక కథ చూడండి. రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేటలో 1930ల నుంచీ పండ్ల పరిశోధన నడుస్తోంది. పులివెందుల, లింగాల, సింహాద్రిపురం, వేంపల్లె రైతు వందల అడుగుల లోతుకు బోరు దింపి, నీళ్ళు పడకపోతే ఇంకోటి దింపి, కరువేడు చెట్టు చావకుండా ట్యాంకరు నీళ్ళు కొని పోస్తాడు. మొక్క నాటిన నాలుగైదేళ్ళకు గానీ కాపు చూడడు. ఆ కాయను మార్కెట్‌కు తోలితే, టన్నుకు ఇన్ని కిలోలని "సూట్" పేరుతో కోత. తూకంలో ఉన్న కాయకు డబ్బు రాదు. "ఇదేం న్యాయం?" అంటే, "రివాజు". ఈ రివాజు దాటుకొని బండెక్కిన చీనీ దగ్గర మన పెద్దమనిషి మళ్ళీ బేరమాడతాడు. డజను ధరలో సగం తగ్గించి అడిగి, ఒకటి కొసరు తీసుకొని, అదీ సంచిలో పడ్డాక, "ఇది చిన్నదిగా ఉండాది, మార్చు" అంటాడు. ఏసీ అంగట్లో వలసంచికి కొసరు అడిగిన మగాడు ఇంతవరకు కడపలో లేడు, కర్నూలులోనూ లేడు.

అన్నట్టు, పచ్చికాయలని మొహం తిప్పుకున్న పెద్దమనిషి ఎండ తాళలేక పది అడుగులు వేసి జ్యూస్ సెంటరు ముందు ఆగుతాడు. గాజు అరలో వరసగా పేర్చినవి ఆ పచ్చతొక్క చీనీలే. పేరు మాత్రం మోసంబి. తొక్క చెక్కేసి, గింజలతో సహా యంత్రంలో వేసి, వడగట్టి, ఐసుగడ్డ వేసి ఇస్తారు. బేరం లేదు, కొసరు లేదు, రంగు మీద విచారణ లేదు. బోరు నీళ్ళతో అయిదేళ్ళు తీపి పట్టించిన రసాన్ని ఒక గుక్క చప్పరించి, గ్లాసు ముందుకు తోసి అంటాడు: "సక్కెర తక్కువైంది అన్నా, ఇంకో రెండు స్పూన్లు ఎయ్యి."