సీసా మీద నిండు పండు, లోపల పదో వంతు

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ పెద్దలకు,
ఎఫ్‌డీఏ భవన్, కోట్లా రోడ్డు, న్యూఢిల్లీ.

విషయం: మామిడి డ్రింకులో కాస్త మామిడి వేయించమని విన్నపం.

అయ్యా,

చిత్తూరు నుంచి రాసుకుంటున్నాం. మా బంగారుపాళ్యం, దామలచెరువు మీరు చూసి ఉండకపోవచ్చు గానీ మా తోతాపురి మీకు కొత్త కాదు. ఎండాకాలం మీటింగుల్లో మీ బల్ల మీద పెట్టే మామిడి డ్రింకులో మామిడి ఉన్నంత మట్టుకు అది మా కాయే అయ్యుంటుంది. ఎంత మట్టుకు ఉందన్నదే మా గోడు.

మీరు తలుచుకుంటే కానిది లేదని మాకు తెలుసు. కార్బైడ్ పెట్టి కాయ మాగబెట్టకూడదన్నారు, బాగుంది. ఇథిలీన్ వాయువు వాడుకోవచ్చు, అదీ 100 పీపీఎం దాటకూడదన్నారు, ఇంకా బాగుంది. 2024 జూన్‌లో, పండ్ల రసాల డబ్బాల మీద '100 శాతం' అని రాసుకోవడం జనాన్ని తప్పుదోవ పట్టించడమేనని, ఆ మాట చెరిపెయ్యమని కంపెనీలన్నిటికీ ఉత్తర్వు ఇచ్చారు. చప్పట్లు కొట్టాం. నూరు శాతం దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉన్నవాళ్లు పది శాతం దగ్గరికొచ్చేసరికి ఎందుకు మెత్తబడ్డారో మాకు అంతుపట్టడం లేదు.

2011 నాటి మీ ప్రమాణాల ప్రకారం పండ్ల డ్రింకులో పండు పదో వంతు ఉంటే చాలు. నిమ్మకాయకైతే ఐదు శాతమే. నిమ్మకాయ సంగతి ఒప్పుకుంటాం, పులుపు ఎక్కువ కాబట్టి అంతకు మించి వేస్తే గొంతు దిగదు. మామిడి ఏం పాపం చేసింది?

బంకులో ఒక సీసా కొని చూడండి. ముందువైపు నిండా పండు బొమ్మ, పక్కన ఆకు, ఆకు మీద నీటిచుక్క. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో అసలు కథ ఉంటుంది. ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాయాలన్నది మీ నియమమే. ఆ వరసలో మొదట నీళ్లు. కొన్ని సీసాల్లో రెండోది చక్కెర. అప్పుడొస్తుంది మామిడి గుజ్జు. మీరడిగినదానికంటే ఎక్కువ గుజ్జు వేసే కంపెనీలూ ఉన్నాయి, వాళ్లకు దండం. కానీ పదితో సరిపెట్టినవాడూ అదే బొమ్మ వేసుకుంటున్నాడు, అదే అరలో నిలబడుతున్నాడు.

ఇది తాగేవాళ్ల గోడు మాత్రమే అయితే ఇంత దూరం ఉత్తరం రాసేవాళ్లం కాదు. 2025లో మా దగ్గర చెట్లు విరగ్గాశాయి. తోతాపురి ఇంట్లో కోసుకు తినడానికి పెద్దగా పనికొచ్చే రకం కాదు, దాని బతుకంతా పల్ప్ ఫ్యాక్టరీతోనే. ఆ ఫ్యాక్టరీలేమో పోయిన ఏటి గుజ్జే గోదాముల్లో ఉంది, ఎగుమతులు మందగించాయి, మాకు కాయ వద్దన్నాయి. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు కట్టింది: ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, సర్కారు 4 కలపాలి. చాలాచోట్ల ఆ 8 కూడా చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కారు. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. టోకెను చేతబట్టుకుని రైతు ట్రాలీ కిందే పడుకున్నాడు. ఆ ఎండకు పైనున్న కాయ కమిలింది, అడుగునున్నది రసం కారింది. కొందరు కాయ కోత కూలి కూడా గిట్టదని తెచ్చిన సరుకును రోడ్డు పక్కన కుమ్మరించి పోయారు.

అంతటితో ఆగలేదు. కర్ణాటక తోతాపురి జిల్లాలోకి రాకూడదని జూన్‌లో కలెక్టరు ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని ఎత్తివేయమని కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు మా ముఖ్యమంత్రి చంద్రబాబు గారికి లేఖ రాశారు. సరిహద్దుకు అటు శ్రీనివాసపురంలో కాయ పండించేవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లే బోలెడంతమంది. ఒక్క కాయ కోసం ఒక ముఖ్యమంత్రి ఇంకో ముఖ్యమంత్రికి ఉత్తరం రాయాల్సొచ్చింది. ఇంత రభసలోనూ, సీసాలో గుజ్జు ఎంతుండాలో నిర్ణయించే మీ ఆఫీసు గడప ఎవరూ తొక్కినట్టు లేదు. అందుకే మేం తొక్కుతున్నాం.

గుజ్జు సంగతి మీకు తెలియనిదేం కాదు. కాయలో టెంక, తోలు పోగా రమారమి సగం గుజ్జొస్తుంది. దాన్ని వేడిచేసి, గాలి తగలని సంచుల్లో నింపి, 215 కిలోల డ్రమ్ముల్లో పెడితే ఏడాదికి పైగా చెడదు. రైతును దెబ్బ తీస్తున్నదీ ఆ నిలవ గుణమే. పోయినేటి డ్రమ్ములు కదలకపోతే ఈ ఏడు కాయకు గిరాకీ ఉండదు. ఆ డ్రమ్ము కదలాలంటే సీసాలో గుజ్జు పెరగాలి.

కాస్త లెక్క చూడండి. లీటరు డ్రింకులో పది శాతం అంటే గుజ్జు సుమారు 100 గ్రాములు, కాయ 200 గ్రాములు. కిలో 8 రూపాయల లెక్కన రైతు వాటా రూపాయి అరవై పైసలు. దాన్ని ఇరవై శాతం చేస్తే ఇంకో రూపాయి అరవై. గుజ్జు తీసే ఖర్చు, రవాణా, డ్రమ్ము అద్దె కలిపినా కొంప మునిగేదేం లేదు. పైగా గుజ్జుకు సొంత తీపి ఉంది కాబట్టి ఆ మేరకు చక్కెర తగ్గించుకోవచ్చు.

ధర పెరిగితే జనం కొనరని కంపెనీలు మీ దగ్గరికి వస్తాయి, తెలుసు. 2025 సెప్టెంబరు 22 నుంచి పండ్ల డ్రింకుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పన్నుతో కలిపి 70 రూపాయల సీసా అనుకుంటే అందులో మిగిలేది నాలుగు రూపాయల పైమాటే. ఆ తగ్గింపు కొనేవాడికే దక్కాలి, నిజమే. అందులో సగం మామిడి రూపంలో దక్కినా మేం ఫిర్యాదు చెయ్యం.

మరీ చిక్కటి రసం జనానికి నచ్చదంటారేమో. మా ఇళ్లలో మామిడి రసం తాగి చిక్కగా ఉందని నీళ్లు పోయించుకున్నవాడు ఇంతవరకు కనపడలేదు.

కాబట్టి మా కోరికలు మూడు. మామిడి డ్రింకులో కనీస గుజ్జును 20 శాతం చెయ్యండి, ఒక్కసారిగా కుదరకపోతే రెండు సీజన్లలో మెట్టుమెట్టుగా పెంచండి. గుజ్జు శాతాన్ని వెనక కాదు, ముందువైపు బొమ్మ పక్కనే పెద్ద అంకెల్లో వేయించండి. ఆ రెండూ కుదరకపోతే కనీసం బొమ్మనైనా నిజం చెప్పనివ్వండి: పది శాతం మామిడికి పదో వంతు పండు బొమ్మ, మిగతా తొమ్మిది వంతులు నీళ్లు, చక్కెర. మూడోది మీకు ఒక్క రూపాయి ఖర్చు లేని పని. దానికి భయపడే కంపెనీలే మొదటిదాన్ని అమలు చెయ్యమని మిమ్మల్ని బతిమాలతాయని మా నమ్మకం.

ఇట్లు,
తోతాపురి పండించేవాళ్లు, కొనుక్కుని తాగేవాళ్లు (ఇద్దరూ ఒక్కరే),
చిత్తూరు.

ప్రతులు: ఇద్దరు ముఖ్యమంత్రులకు, వచ్చే ఏడు మళ్లీ ఉత్తరం రాసే శ్రమ తప్పించుకోవడానికి.